యుద్ధం ముగిశాక దేశంలో మిగిలేది ఏమిటి? విశాఖ నుంచి ఒక ప్రశ్న

లంగరు (చర్చ ప్రారంభించినవారు)
డిసెంబరు 5, ఉదయం 7.12

నిన్న నౌకాదళ దినోత్సవం. ఎప్పటిలాగే ఫోన్ల నిండా శుభాకాంక్షలు, పాత యుద్ధనౌకల ఫొటోలు. వాటితోపాటు ఏటా తిరిగే మాట ఒకటి: "యుద్ధం దేశాన్ని ఒక్కటి చేస్తుంది."

నాకు ఈ మాట సగమే నిజమనిపిస్తుంది. తుపాకులు పేలుతున్నన్నాళ్ళు అందరూ ఒకే మాట మీద ఉన్నట్టు కనిపిస్తారు. ముప్పై ఏళ్ళు పోయాక చూస్తే మిగిలినవి వేరే. తాత్కాలికమని పెట్టిన ఆఫీసు శాశ్వతమై కూర్చుంటుంది. నిన్నటిదాకా పక్కింటివాడైన మనిషి పరాయివాడవుతాడు. ఒకరికి స్తూపం కడతారు, ఇంకొకరికి క్యాంపులో ఒక గది చూపిస్తారు. యుద్ధం మనుషులను కలపదు, "మనం" అంటే ఎవరో కొత్తగా లెక్క రాస్తుందని నా వాదన.

బీచ్ రోడ్డునే తీసుకోండి. 1971కి విజయస్తూపం ఉంది, కురుసుర జలాంతర్గామి ఉంది, 2017 నుంచి టీయూ-142 విమానం కూడా ఉంది. 1942లో ఇదే ఊరి మీద బాంబులు పడ్డాయి. దానికి గుర్తుగా మిగిలింది కోస్టల్ బ్యాటరీ (తీరంలో ఫిరంగులు పెట్టిన చోటు) అన్న పేరు, కెరటాలు ఇసుక తోడేసినప్పుడు బయటపడే కాంక్రీటు బంకర్లు.

నినాదాలు వద్దు. మీ ఇంట్లోనో, ఊళ్ళోనో, చదివిన చరిత్రలోనో కనిపించిన గట్టి సంగతులు చెప్పండి.

---

సింధియా కాలనీ
డిసెంబరు 5, ఉదయం 8.05

లంగరు గారూ, ప్రశ్న బాగుంది కానీ జవాబు ముందే రాసిపెట్టుకుని అడిగినట్టుంది.

ఈ ఊరికి యుద్ధం ఏమిచ్చిందో మా ఇంటిని అడగండి. మా నాన్నగారు డాక్‌యార్డులో ఫిట్టరు. 1968లో తూర్పు నౌకాదళ కమాండ్ ఇక్కడ ఏర్పడింది. ఆ తర్వాతే పంజాబీలు, మలయాళీలు, బెంగాలీలు మా వీధిలో ఇళ్ళు అద్దెకు తీసుకున్నారు. మా అమ్మ పుట్టింట్లో తెలుగు తప్ప మరో మాట వినలేదు. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక పక్కింటి సర్దార్జీ భార్య దగ్గర హిందీ నేర్చుకుంది, ఆవిడకు ఆవకాయ పెట్టడం నేర్పింది. దేశమంటే మ్యాపు కాదని మాకు తెలిసింది అలాగే.

1971 డిసెంబరు 3 రాత్రి సంగతి నాన్నగారు ఎన్నోసార్లు చెప్పారు. ఊరంతా చీకటి. కిటికీ అద్దాలకు నల్ల కాగితం, బస్సుల లైట్లకు సగం వరకు నల్ల రంగు. అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద పేలుడు, తలుపులు అదిరిపోయాయట. తెల్లారాక జాలర్లు నీటిలో తేలుతున్న సామాను ఏరుకొచ్చి నౌకాదళానికి అప్పగించారు. అప్పుడు తెలిసింది, అది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అని. మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్ళిపోయింది, ఇక్కడ ఉన్నది దాని పేరుతో సంకేతాలు పంపుతున్న రాజ్‌పుత్ అనే యుద్ధనౌక. ఆ వల పన్నినవారు వైస్ అడ్మిరల్ కృష్ణన్.

ఆ వస్తువులు తెచ్చిన జాలరిని ఎవరూ నువ్వు ఏ కులం, ఏ భాష అని అడగలేదు. నేను ఒక్కటి చేస్తుందనేది దాన్నే. నౌకాదళ దినోత్సవం ఆ రోజునే జరుపుకొనేదీ అందుకే.

---

చరిత్ర మాస్టారు
డిసెంబరు 5, ఉదయం 9.30

నాయనా, నౌకాదళ దినోత్సవం ఘాజీ కోసం కాదు. డిసెంబరు 4 రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ రేవు మీద చేసిన దాడికి గుర్తు అది. విశాఖలో సగం మంది ఘాజీ కోసమే అనుకుంటారు. మన ఊరి కథ మనకు ముద్దు, తప్పు లేదు.

1971 సరే, అంతకు ముందటిది వినండి. 1933లో ఓడరేవు తెరిచారు. 1941 జూన్ 21న సింధియా నౌకానిర్మాణ కేంద్రానికి రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేశారు. భారతీయులు సొంతంగా పెద్ద ఓడలు కట్టాలన్నది వాల్‌చంద్ హీరాచంద్ పట్టుదల. ఏడాది తిరగలేదు, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ప్రాణనష్టం తక్కువే. భయం మాత్రం లెక్కకు అందనిది.

మా అమ్మమ్మ వాళ్ళది పాత ఊరు. ఇత్తడి బిందెలు, గంగాళాలు తాళ్ళు కట్టి బావిలోకి దించేశారట, ఎవరూ ఎత్తుకుపోకుండా. ఎడ్లబండి బాడుగ ఒక్క రోజులో కొండెక్కింది. బండి దొరికినవాళ్ళు విజయనగరం వైపు, అనకాపల్లి వైపు. దొరకనివాళ్ళు పిల్లలను చంకన వేసుకుని నడక. ఆంధ్ర విశ్వకళాపరిషత్తును యుద్ధకాలంలో గుంటూరుకు తరలించారు. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలు లోపలి ఊళ్ళకు వెళ్ళిపోయాయి, జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగాలను కాల్చి చంపారు. బాంబు పడితే బోనులు విరిగి బయటికొస్తాయని!

ఇక్కడ బాంబులు పడిన రోజున బ్రిటిష్ మంత్రి క్రిప్స్ ఢిల్లీలోనే ఉన్నాడు. యుద్ధం అయ్యాక స్వపరిపాలన ఇస్తాం, ఇప్పుడు సహకరించండి అని బేరం ఆడుతున్నాడు. ఇక్కడ చూస్తే రేవుకు సరైన రక్షణే లేదు. తెల్లదొర ఉన్నంతకాలం బయటివాడెవడూ మన గడప తొక్కడు అని నమ్మిన తరం ఒకటి ఉండేది. ఆ నమ్మకం ఒక్క పూటలో పోయింది. నాలుగు నెలలకు ఆగస్టులో క్విట్ ఇండియా. బాంబుల వల్లే ఉద్యమం వచ్చిందని అనను. దొరల మీద జనానికున్న భయభక్తులు సడలడానికి మాత్రం ఈ తూర్పుతీరంలో అది పెద్ద కారణం.

ఆ సింధియా యార్డులోనే 1948 మార్చిలో జల ఉష అనే ఓడను నెహ్రూ జలప్రవేశం చేయించారు.

---

బర్మా క్యాంపు మనవరాలు
డిసెంబరు 5, ఉదయం 11.48

మాస్టారూ, మీ అమ్మమ్మగారు విజయనగరం వైపు నడిచారు. మా ముత్తాత రంగూన్ నుంచి నడిచారు.

ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి రంగం, అంటే రంగూన్, వెళ్ళడం అప్పట్లో సాధారణం. స్టీమరు ఎక్కితే రేవులో కూలి పనో, బియ్యం మిల్లులో పనో దొరికేది. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాయి. ఆ తర్వాతి నెలల్లో లక్షల మంది భారతీయులు అరకాన్ మీదుగా, మణిపూర్ కొండల మీదుగా కాలినడకన బయలుదేరారు. దారిలో కలరా, మలేరియా, ఆకలి. ఎన్నో వేలమంది ఆ అడవుల్లోనే పోయారు. తెల్లవారికి ఒక దారి, నల్లవారికి మరో దారి కేటాయించారు. మంచి దారి ఎవరిదో చెప్పక్కరలేదు. ఏ సామ్రాజ్యం ఓడలకు వీళ్ళు బస్తాలు మోశారో ఆ సామ్రాజ్యం కష్టకాలంలో వీళ్ళను తనవాళ్ళుగా లెక్కపెట్టలేదు.

యుద్ధం అయ్యాక మా వాళ్ళు మళ్ళీ రంగూన్ వెళ్ళారు. అక్కడే ఇల్లు, అక్కడే పిల్లలు. కానీ అప్పటికి బర్మా మారిపోయింది. మీరు బయటివాళ్ళు అన్నారు. 1962లో నే విన్ సైన్యం అధికారం తీసుకుంది, దుకాణాలు జాతీయం చేసింది. 1964 మేలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవని ప్రకటించారు. మా తాతగారు పొదుపు చేసిన డబ్బు ఒక్క రాత్రిలో కాగితం. ఓడ ఎక్కేటప్పుడు నాయనమ్మ చెవులకున్న దిద్దులు కూడా తీయించారట. ఆవిడ ఇక్కడ దిగేసరికి చెవి రంధ్రాల్లో వేపపుల్లలు ఉన్నాయి, పూడిపోకుండా.

కంచరపాలెం దగ్గర మాకు క్యాంపు ఇచ్చారు. బర్మాలో మేం కళలు. బర్మా మాటలో కళ అంటే విదేశీయుడు, తిట్టు కింద లెక్క. ఇక్కడ మేం బర్మావాళ్ళం. మా నాన్న బడికి వెళితే తోటి పిల్లలు ఆయన మాట యాస చూసి నవ్వేవారు. ఇప్పుడు సాయంత్రమైతే అదే ఊరు మా బండ్ల దగ్గర వరుస కట్టి బర్మా నూడుల్స్ తింటుంది. వేయించిన ఉల్లిపాయ, చింతపండు పులుసు, ఎండుమిరప కారం చేత్తో కలిపి ఇస్తే ఎవరూ యాస అడగరు.

సింధియా కాలనీ గారూ, జాలరిని కులం అడగలేదన్నారు, సంతోషం. మమ్మల్ని మాత్రం రెండు దేశాల్లోనూ అడిగారు.

---

సింధియా కాలనీ
డిసెంబరు 5, మధ్యాహ్నం 12.20

అమ్మా, మీ వాళ్ళ కష్టం చిన్నది కాదు. కానీ మీకు క్యాంపు ఇచ్చింది కూడా ఈ దేశమే కదా. వేరే చోట పొమ్మన్నారు, ఇక్కడ రమ్మన్నారు. దాన్ని ఏమంటారు?

---

బర్మా క్యాంపు మనవరాలు
డిసెంబరు 5, మధ్యాహ్నం 12.31

రమ్మన్నారు, నిజం. ఇంటిస్థలం కాగితాల కోసం మా నాన్న ఎన్నేళ్ళు తిరిగారో అది కూడా నిజం. రెండూ కలిపి చెబితేనే నాకు ఒప్పు.

---

కంట్రోలు బియ్యం
డిసెంబరు 5, సాయంత్రం 4.15

రెవెన్యూ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. అందరూ బాంబుల గురించి మాట్లాడుతున్నారు. నేను ఫైళ్ళ గురించి చెబుతాను.

మన జేబులో ఉండే రేషన్ కార్డు రెండో ప్రపంచ యుద్ధం బిడ్డ. బర్మా పోయింది, అక్కడి బియ్యం ఆగింది. 1942 డిసెంబరులో ఢిల్లీలో ఆహార శాఖ పెట్టారు, ఆ వెంట పట్టణాల్లో రేషను. బెంగాల్లో అప్పటికే ఆలస్యమైంది. జపానువాళ్ళ చేతికి చిక్కకూడదని తీరంలో పడవలు లాక్కున్నారు, బియ్యం తరలించారు. ధరలు ఆకాశానికి వెళ్ళాయి. 1943 నాటి కరువులో సుమారు 30 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ ఊళ్ళలో యుద్ధం జరగలేదు, గమనించండి.

మన దగ్గర కంట్రోలు రోజులు అని పెద్దవాళ్ళు ఒక శకంలాగా చెప్పుకునేవారు. కంట్రోలు బియ్యం, కంట్రోలు గుడ్డ, కంట్రోలు కిరసనాయిలు. పెళ్ళికి చక్కెర కావాలంటే దరఖాస్తు. అంతవరకు సర్కారు అంటే శిస్తు వసూలు చేసుకుపోయేది మాత్రమే. యుద్ధంతో అది ఇంటి పొయ్యి దాకా వచ్చి ఇంట్లో ఎంతమంది, ఎంత తింటారు అని అడిగింది. తలలు లెక్కపెట్టి పేరుపేరునా కార్డు రాసింది. నల్లబజారు కూడా అప్పుడే ఇంటింటికీ పరిచయమైంది, అది వేరే సంగతి.

అద్దె నియంత్రణ చట్టం? దాని మూలం యుద్ధకాలపు భారత రక్షణ నిబంధనలే. 1955 నిత్యావసర వస్తువుల చట్టానికీ తాత అదే. వెండి కొరతతో 1940లో రూపాయి నోటు మళ్ళీ అచ్చు వేశారు. 1942 నుంచి 1945 దాకా దేశమంతా గడియారాలు గంట ముందుకు తిప్పారు. ఒక్క నోటీసుతో పొద్దుపొడుపు వేళే మార్చగలిగిన సర్కారును జనం తొలిసారి చూశారు.

1947లో జెండా మారింది. ఈ యంత్రాంగం మొత్తం బీరువాలతో సహా చేతులు మారింది, అంతే. స్వతంత్ర భారత రాజ్యం ఆకృతి అహింసా పోరాటం నుంచి వచ్చిందని మనం చెప్పుకుంటాం. ఆశయాలు అక్కడివే. అలవాట్లు మాత్రం యుద్ధకాలపు కలెక్టరు కచేరీవి.

---

ఉప్పుగాలి
డిసెంబరు 5, సాయంత్రం 5.02

ఇంత పెద్ద పెద్ద పోస్టులు ఎవరు చదువుతారండీ. ఒక్క ముక్కలో చెప్పండి, యుద్ధం మంచిదా చెడ్డదా?

---

వేదిక నిర్వాహకులు
డిసెంబరు 5, సాయంత్రం 5.10

ఉప్పుగాలి గారూ, క్రికెట్ విభాగం పక్కనే ఉంది. చర్చ కొనసాగించండి.

---

జీడితోట
డిసెంబరు 5, రాత్రి 8.44

ఆడవాళ్ళ మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. యుద్ధాలే స్త్రీలకు స్వేచ్ఛ తెచ్చాయని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. మగవాళ్ళు సరిహద్దుకు, ఆడవాళ్ళు ఫ్యాక్టరీకి, ఆ తర్వాత ఓటు. కొంత నిజం ఉంది. ఫ్రాన్సులో స్త్రీలకు ఓటు హక్కు 1944లో వచ్చింది. జపాన్‌లో 1946 ఎన్నికల్లో తొలిసారి ఓటు వేశారు, 39 మంది స్త్రీలు గెలిచారు కూడా. బ్రిటన్‌లో అయితే యుద్ధం అవ్వగానే చాలామందిని మెషిన్ల దగ్గర నుంచి మళ్ళీ వంటింటికి సాగనంపారు.

మన దేశంలో ఏం జరిగిందో చూడండి. బొగ్గుగనుల్లో భూమి లోపల స్త్రీలు పనిచేయకూడదన్న నిషేధం ఉండేది. యుద్ధానికి బొగ్గు కావాలి, కూలీలు చాలడం లేదు. 1943లో నిషేధం ఎత్తేసి ఆడవాళ్ళను లోపలికి దింపారు. 1946లో మళ్ళీ నిషేధం పెట్టారు. అవసరం పడితే గోతిలోకి, అవసరం తీరితే బయటికి. ఒక దేశంలో విముక్తి అన్నదే మరో దేశంలో ఇలా ఉంది.

మరోవైపు 1942లో మహిళా సహాయక దళం ఏర్పడింది, వేలమంది చేరారు. చేరినవాళ్ళలో ఎక్కువమంది ఇంగ్లీషు చదువు ఉన్నవాళ్ళు. గనిలోకి దిగినవాళ్ళు ఎవరో నేను చెప్పాలా? యుద్ధం స్త్రీలకు ఏం చేసింది అని అడిగితే, ఏ స్త్రీలకు అని ఎదురు అడగాలి.

మన రాజ్యాంగం వయోజనులందరికీ ఓటు ఇచ్చినప్పుడు అది యుద్ధసేవకు బహుమానం కాదు. ఆ విషయంలో మనం ఐరోపా కంటే నయం.

---

చరిత్ర మాస్టారు
డిసెంబరు 5, రాత్రి 9.20

జీడితోట గారి మాటకు ఒక తోక. సైన్యం విషయంలోనూ ఇదే జరిగింది. యుద్ధజాతులు అని కొందరిని పేర్కొని, మద్రాసు ప్రాంతం వాళ్ళు పనికిరారని దశాబ్దాలపాటు దూరం పెట్టారు. 1939లో సుమారు 2 లక్షలున్న సైన్యం 1945కి 25 లక్షలు దాటింది. అంతమంది కావాలంటే ఆ సిద్ధాంతం ఎక్కడ నిలుస్తుంది? 1941లో మద్రాస్ రెజిమెంటును మళ్ళీ నిలబెట్టారు, మహర్ రెజిమెంటును కొత్తగా ఏర్పాటు చేశారు. పశ్చిమ గోదావరిలో మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనేది ఊరికే కాదు. నెలనెలా మనియార్డరు వచ్చే ఇల్లు ఊళ్ళో కామందు ముందు చేతులు కట్టుకోవడం తగ్గించింది. ఆ లెక్క ఏ విజయస్తూపం మీదా రాయరు.

---

తూర్పు కనుమ
డిసెంబరు 6, ఉదయం 6.50

చాలాకాలం రైల్వేలో పనిచేశాను, అందుకే ఈ సంగతి తోచింది. 1942లో మన రేవు మీద బాంబులు వేసిన దేశానికే 1960లలో మనం ఇనుప ఖనిజం ఎగుమతి చేశాం. బైలదిల్లా ఖనిజం కోసం కొత్తవలస-కిరండూల్ లైను వేశారు. అరకు మీదుగా కొండల్లో యాభైకి పైగా సొరంగాలు. 1970లలో పెద్ద ఓడల కోసం బయటి హార్బరు కట్టారు. ఖనిజం వెళ్ళింది జపాన్ ఉక్కు కర్మాగారాలకు.

పాతికేళ్ళలో శత్రువు ఖాతాదారుడయ్యాడు. మనలో ఎవరికీ అది వింతగా కూడా అనిపించలేదు. జపాన్‌ను మనం ద్వేషించడం నేర్చుకోలేదు. కారణం, 1942 నాటి యుద్ధం మనది కాదు అన్న భావం. బాంబు మన నెత్తిన పడింది, కానీ దాన్ని దొరల ఖాతాలో రాశాం. 1962, 1965, 1971 యుద్ధాలను సొంత ఖాతాలో రాసుకున్నాం. అందుకే ఆ పగలు ఇంకా మాసిపోలేదు. దెబ్బ ఎంత పెద్దదన్న దాన్ని బట్టి కాదు, ఎవరి పేరు మీద తిన్నామన్న దాన్ని బట్టి గుర్తుంటుంది.

జపాన్ కూడా మారింది, 1947 రాజ్యాంగం తొమ్మిదో అధికరణంలో యుద్ధాన్నే వదులుకున్నాం అని రాసుకుంది. ఓడినవాళ్ళు రాసుకున్నారా, గెలిచినవాళ్ళు రాయించారా అన్న తగవు అక్కడ ఇంకా తెగలేదు.

సోవియట్ సంగతి మరీ చిత్రం. సుమారు 2 కోట్ల 70 లక్షల మంది పోయారు. మే 9 విజయదినోత్సవం అంటే వాళ్ళకు మన సంక్రాంతి కంటే పెద్దది అనుకుంటాం. 1948 నుంచి 1965 దాకా అది సెలవు రోజే కాదు! యుద్ధం చేసి వచ్చినవాళ్ళు కాళ్ళూ చేతులూ లేకుండా వీధుల్లో కనిపిస్తున్నన్నాళ్ళు పండుగ లేదు. ఇరవై ఏళ్ళు గడిచాక బ్రెజ్నెవ్ కాలంలో దాన్ని మళ్ళీ సెలవు చేశారు, కవాతు చేశారు. జ్ఞాపకం దానంతట అది పెరగదు, ఎవరో నీళ్ళు పోస్తారు.

---

లంగరు
డిసెంబరు 6, ఉదయం 8.15

తూర్పు కనుమ గారూ, నేను చెప్పాలనుకున్నది మీరు నాకంటే బాగా చెప్పారు. ఎవరైనా 1962 గురించి చెప్పగలరా? ఇక్కడ దాని గురించి మాట్లాడేవాళ్ళే తక్కువ. ఓడిపోయాం కాబట్టి కాబోలు.

---

కంట్రోలు బియ్యం
డిసెంబరు 6, ఉదయం 10.05

నేను చెబుతాను, అప్పటికి బడిపిల్లవాణ్ణి. రక్షణ నిధికి విరాళాలు. మా బళ్ళో డబ్బా తిప్పారు. ఆడవాళ్ళు వేదిక ఎక్కి గాజులు తీసి ఇచ్చారు, మా పెద్దత్త కూడా ఒక గాజు ఇచ్చింది. రెండోది చివరిదాకా ఒంటిగా అలాగే వేసుకుంది. ఆవిడ చేతికి అదే పతకం.

ఆ ఉత్సాహం వెనకే వచ్చింది బంగారం నియంత్రణ. 1963 జనవరిలో కొత్త నగలు 14 క్యారట్లకు మించకూడదన్నారు. కురుపాం మార్కెట్ ప్రాంతంలో తరతరాలుగా నగిషీ చేసిన స్వర్ణకారులకు పని పోయింది. కుంపటి ఆరిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. కొందరు సైకిలు రిపేరు నేర్చుకున్నారు, కొందరు డాక్‌యార్డులో చేరారు. దేశంలో కొన్నిచోట్ల ఆత్మహత్యలు జరిగాయి. ఆ చట్టం రకరకాల రూపాల్లో 1990 దాకా ఉంది. చైనా యుద్ధం నెల రోజులే.

ఇక లాభం వైపు కూడా చెప్పాలి. మద్రాసులో ప్రత్యేక ద్రావిడ దేశం అడుగుతున్న డీఎంకే ఆ యుద్ధంతో స్వరం మార్చింది, 1963లో ఆ డిమాండును వదిలేసింది. విడిపోవాలన్న ప్రచారాన్ని అడ్డుకోవడానికి అదే సంవత్సరం వచ్చిన 16వ రాజ్యాంగ సవరణ ఒత్తిడి ఎంత, దేశభక్తి ఎంత అన్నది ఎవరి లెక్క వాళ్ళది.

---

సింధియా కాలనీ
డిసెంబరు 6, ఉదయం 10.40

చూశారా! విడిపోతామన్నవాళ్ళు ఆగిపోయారు. నేను మొదటి నుంచి చెబుతున్నది అదే కదా.

---

జీడితోట
డిసెంబరు 6, ఉదయం 11.15

అదే 1962లో చైనా మూలాలున్న భారతీయులను, దాదాపు 3 వేల మందిని, అస్సాం, బెంగాల్ కొండల నుంచి రైలెక్కించి రాజస్థాన్‌లోని దేవలీ శిబిరానికి పంపారు. తరాలుగా ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు. కొందరు సంవత్సరాల తరబడి అక్కడే. ఇళ్ళకు తిరిగొచ్చేసరికి దుకాణాలు వేలం వేసేశారు.

ఒకే యుద్ధం. ఒక వైపు ద్రావిడ దేశం కావాలన్నవారికి తలుపు తీసింది, మరో వైపు హిందీ, నేపాలీ మాట్లాడుకునే బడిపిల్లలకు ముఖం చూసి తలుపు వేసింది. సింధియా కాలనీ గారు మొదటి సగం చూసి చప్పట్లు కొడుతున్నారు.

---

సింధియా కాలనీ
డిసెంబరు 6, ఉదయం 11.32

యుద్ధం వచ్చినప్పుడు ఏ ప్రభుత్వమైనా జాగ్రత్త పడుతుంది. అమెరికా తన జపనీయులను పెట్టలేదా క్యాంపుల్లో? తప్పు జరిగింది, కాదనను. కానీ గట్టు మీద కూర్చుని అరవై ఏళ్ళ తర్వాత తీర్పు చెప్పడం సులువు.

---

బర్మా క్యాంపు మనవరాలు
డిసెంబరు 6, మధ్యాహ్నం 1.05

గట్టు మీద కూర్చున్నది మీరండీ, మేము నీళ్ళలోనే ఉన్నాం. అమెరికా 1988లో క్షమాపణ చెప్పి, బతికున్నవారికి తలా 20 వేల డాలర్లు ఇచ్చింది. పోల్చాలంటే అంతదాకా పోల్చండి.

---

పాత పోస్టాఫీసు
డిసెంబరు 6, సాయంత్రం 6.30

కొంచెం చల్లబడండి. నేను స్టాంపులు సేకరిస్తాను, ఆ వైపు నుంచి ఒక సంగతి.

1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి సుమారు కోటి మంది శరణార్థులు వచ్చారు. నవంబరు 15 నుంచి ఉత్తరం మీద మామూలు స్టాంపుతోపాటు 5 పైసల సహాయ బిళ్ళ అదనంగా అంటించాలన్నారు. కొత్తది అచ్చయ్యేలోపు కుటుంబ నియంత్రణ బొమ్మ ఉన్న 5 పైసల బిళ్ళ మీదే శరణార్థుల సహాయం అని నల్ల అక్షరాలు కొట్టి అమ్మారు. నా దగ్గర ఒక కవరు ఉంది, విజయనగరం నుంచి విశాఖకు వచ్చిన పెళ్ళి సంబంధం ఉత్తరం. అమ్మాయి జాతకం లోపల, శరణార్థి బిళ్ళ పైన. బెంగాల్ ముఖం ఎరగని మనిషి కూడా ఉత్తరం రాసిన ప్రతిసారీ నాలుకతో తడిపి ఆ యుద్ధంలో తన వాటా అంటించాడు. 1973 మార్చి దాకా నడిచింది.

ఐక్యత అంటే నాకు ఇది. వేదిక మీది ఉపన్యాసం కంటే ఈ 5 పైసలు నమ్మకంగా కనిపిస్తాయి. బలవంతపు పన్నే అనుకోండి.

అటువైపు బంగ్లాదేశ్ చూడండి. భాష కోసం మొదలైన పోరాటం, దేశమైంది. యుద్ధంలో అత్యాచారానికి గురైన స్త్రీలకు వీరాంగనలు, అంటే బీరాంగొనా, అని ప్రభుత్వం బిరుదు ఇచ్చింది. గౌరవించాలన్న ఉద్దేశమే. బిరుదు వినగానే ఊరికి సంగతి తెలిసిపోయేది, ఇళ్ళ తలుపులు మూసుకున్నాయి. వాళ్ళను స్వాతంత్ర్య సమరయోధులుగా గుర్తించడం 2015లో మొదలైంది. ఉర్దూ మాట్లాడే బిహారీ ముస్లింలు పాకిస్తాన్ పక్షమన్న ముద్రతో ఢాకాలో జెనీవా క్యాంపులాంటి చోట్ల మిగిలారు. 2008లో అక్కడి హైకోర్టు చెప్పేదాకా చాలామందికి పౌరసత్వమే తేలలేదు. విముక్తి పొందిన దేశంలోనూ క్యాంపు తప్పలేదు, మనవరాలు గారూ.

---

చరిత్ర మాస్టారు
డిసెంబరు 6, రాత్రి 9.05

ఘాజీతో మొదలుపెట్టారు కాబట్టి దాని పుట్టుక కూడా చెప్పుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధం కోసం అమెరికా కట్టిన జలాంతర్గామి అది, అప్పటి పేరు డయాబ్లో. 1960లలో పాకిస్తాన్‌కు అరువిచ్చారు. రాజ్‌పుత్ కూడా ఆ యుద్ధకాలపు బ్రిటిష్ నౌకే. అంటే 1971లో మన తీరంలో తలపడినవి రెండూ పెద్ద యుద్ధం వదిలేసిన సామాను. రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల (నీటి అడుగున పేలే బాంబుల) వల్లే మునిగిందని మనవాళ్ళు, లోపలి పేలుడనో, అది పరిచిన మందుపాతరే పేలిందనో వాళ్ళు అంటారు. అందులో ఉన్న సుమారు 90 మంది మాత్రం మన రేవుకు దగ్గరలోనే అడుగున ఉండిపోయారు.

కురుసురలోకి వెళ్ళినప్పుడు పిల్లలకు నేను టార్పెడోలు చూపించను, వాటి పక్కన మడతపెట్టే పడకలు చూపిస్తాను. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒత్తుకోవాలి. ఘాజీలోనూ మనుషులు ఇలాగే పడుకున్నారు అని చెబుతాను. ఒకసారి ఒక తండ్రి కోపంగా పిల్లవాణ్ణి లాక్కుపోయాడు.

---

సింధియా కాలనీ
డిసెంబరు 6, రాత్రి 9.40

ఆ తండ్రి కోపం నాకు అర్థమవుతుంది మాస్టారూ. ఆ జలాంతర్గామి పని పూర్తిచేసి ఉంటే మా నాన్న డాక్‌యార్డు గేటు దాటి ఇంటికి వచ్చేవారో లేదో. పడకలు చూపించండి, కాదనను. టార్పెడోలు కూడా చూపించండి.

---

లంగరు
డిసెంబరు 7, ఉదయం 7.25

ఒక యుద్ధఫలం ఎవరూ ముట్టుకోలేదు. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ అనే నౌకాదళ శిక్షణ కేంద్రంలో నావికులు సమ్మె చేశారు. పురుగుల తిండి, తెల్ల అధికారుల బూతులు మొదటి కారణాలు. అప్పటికి ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారుల విచారణ జరిగి దేశం వేడెక్కి ఉంది. సమ్మె కరాచీకి, మద్రాసుకు, కలకత్తాకు పాకింది, మన విశాఖలోనూ నావికులు కదిలారు, అరెస్టులు జరిగాయి. కాంగ్రెస్, లీగ్, కమ్యూనిస్టు జెండాలు మూడూ కట్టిన ఓడలు అవి.

వాళ్ళెవరు? యుద్ధం కోసం హడావుడిగా చేర్చుకున్న కుర్రాళ్ళు. వైర్‌లెస్ నేర్చుకున్నారు, దేశాలు తిరిగారు, తెల్లవాడు కూడా భయపడటం చూశారు. యుద్ధం అయ్యాక ఇంటికి పొమ్మంటే ఊరుకునే రకం కాదు. పటేల్ లొంగిపొమ్మన్నారు, ఎవరినీ బలిపెట్టనివ్వమని మాట ఇచ్చారు. వందలమందిని తీసేశారు. స్వతంత్రం వచ్చాక మన నౌకాదళమూ వాళ్ళను వెనక్కి తీసుకోలేదు, పాకిస్తాన్‌దీ తీసుకోలేదు. క్రమశిక్షణ అన్నారు. స్వాతంత్ర్య సమరయోధులుగా గుర్తింపు రావడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది.

సింధియా కాలనీ గారూ, మీరు డాక్‌యార్డు కుటుంబం కాబట్టి అడుగుతున్నాను. మీ నాన్నగారి తరం 1946 గురించి ఇంట్లో ఎప్పుడైనా మాట్లాడిందా?

---

సింధియా కాలనీ
డిసెంబరు 7, ఉదయం 8.10

ఒక్కసారి. క్యాంటీన్‌లో తిండి బాగాలేదని వాళ్ళ సంఘం సమ్మెకు నోటీసు ఇచ్చినప్పుడు పాతకాలపు చార్జ్‌మన్ ఒకాయన అన్నారట, 46లో మేము కూడా అన్నం దగ్గరే మొదలుపెట్టాం అని. ఆయన మాట నాన్నగారు మెచ్చుకోలుగానే చెప్పేవారు. సమ్మెకు మాత్రం వెళ్ళలేదు.